లినక్స్ బూట్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్లను ఆపే మార్గాలు

లినక్స్ కెర్నల్ మొదలయ్యేటప్పుడు బూట్‌లోడర్ దానికి ఒక వరుస ఆదేశాలు అందిస్తుంది. దీన్ని కెర్నల్ కమాండ్ లైన్ అంటారు. రూట్ డిస్క్ ఎక్కడుంది, సందేశాలు చూపాలా దాచాలా, ఏ కన్సోల్ వాడాలి వంటివన్నీ ఇందులోనే ఉంటాయి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పనిలోకి దిగనివ్వకుండా ఆపే ఆప్షన్లను కూడా ఇక్కడే రాస్తారు. వీటిలో అందరి నోటా వినిపించేది నోమోడ్‌సెట్. అదొక్కటే కాదు, ఒక్కో డ్రైవర్‌కు విడిగా ఇచ్చే పరామితులున్నాయి. విడి ఫైలుగా ఉండే డ్రైవర్‌ను, అంటే మాడ్యూల్‌ను, లోడ్ కానివ్వని బ్లాక్‌లిస్టులున్నాయి. కెర్నల్‌లో కలిసిపోయిన కోడ్‌ను అడ్డుకునే ఆప్షన్లు, గ్రాఫిక్స్ కార్డును ముందే మరో డ్రైవర్‌కు అప్పగించే పద్ధతులు కూడా ఉన్నాయి. పైకి అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, ఒక్కోటి ఒక్కో చోట ఆపుతుంది. ఆ చోటు తెలిస్తేనే సరైన ఆప్షన్ ఎంచుకోగలం. ఈ వ్యాసంలో ఆప్షన్లను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలో ఇస్తున్నాం. కంప్యూటర్‌లో వాటిని, వేరుగా చెప్పిన చోట తప్ప, రోమన్ చిన్నక్షరాల్లో, ఇక్కడ ఖాళీ చూపని చోట ఖాళీ లేకుండా టైప్ చేయాలి.

తెర నల్లబడే చోటు

కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద తయారీదారు చిహ్నం కనిపిస్తుంది. అప్పటికి కెర్నల్ ఇంకా రాలేదు. తెరను వెలిగించింది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్. యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా ఫర్మ్‌వేర్ ఉన్న యంత్రాల్లో గ్రాఫిక్స్ అవుట్‌పుట్ ప్రోటోకాల్ అనే ఏర్పాటు ఒక రిజల్యూషన్‌ను ఖాయం చేసి, మెమరీలో కొంత భాగాన్ని తెర కోసం పక్కన పెడుతుంది. ఆ భాగంలో ఏ విలువ రాస్తే తెర మీద ఆ రంగు చుక్క పడుతుంది. దాన్ని ఫ్రేమ్‌బఫర్ అంటారు. కెర్నల్ వచ్చాక ముందుగా ఈ సిద్ధంగా ఉన్న ఫ్రేమ్‌బఫర్‌నే వాడుకుంటుంది. ఈఎఫ్ఐఎఫ్‌బీ, వెసాఎఫ్‌బీ, సింపుల్‌డీఆర్‌ఎం అనే చిన్న డ్రైవర్లు ఇందుకోసమే ఉన్నాయి. కార్డు ఏ కంపెనీదో వాటికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

కొద్ది సెకన్లలో అసలు డ్రైవర్ వస్తుంది. ఇంటెల్ చిప్ అయితే ఐ915, మరీ కొత్తదైతే ఎక్స్‌ఈ. ఏఎండీ అయితే రేడియాన్ లేదా ఏఎండీజీపీయూ. ఎన్‌విడియా అయితే నూవో, లేదా ఆ కంపెనీ సొంత డ్రైవర్. అసలు డ్రైవర్ ముందుగా ఫర్మ్‌వేర్ ఫ్రేమ్‌బఫర్‌ను వాడుకుంటున్న చిన్న డ్రైవర్‌ను తప్పిస్తుంది. తర్వాత కార్డును తన చేతిలోకి తీసుకుని, మానిటర్ ఇచ్చే వివరాలు చదివి, రిజల్యూషన్‌ను, రిఫ్రెష్ రేటును తానే నిర్ణయిస్తుంది. ఈ అమరికనే మోడ్‌సెట్టింగ్ అంటారు.

తెర నల్లబడేది సాధారణంగా ఈ చేతులు మారే చోటనే. పాత డ్రైవర్ తప్పుకుంది, కొత్తది నిలదొక్కుకోలేకపోయింది. కార్డుకు కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు డిస్క్‌లో లేకపోవచ్చు. చిప్ మరీ కొత్తదై, ఆ కెర్నల్ నాటికి దాని వివరాలు డ్రైవర్‌కు చేరకపోయి ఉండవచ్చు. మానిటర్ తన సామర్థ్యం గురించి తప్పుడు సమాచారం ఇచ్చి ఉండవచ్చు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో ఒకదాన్ని నిద్రపుచ్చబోయి యంత్రమంతా బిగుసుకుపోవచ్చు. చాలాసార్లు లోపల సిస్టమ్ మామూలుగానే నడుస్తుంటుంది, డిస్క్ లైటు వెలిగి ఆరుతుంటుంది. వాడేవారికి మాత్రం ఏమీ కనిపించదు.

ఎన్‌విడియా కార్డులతో ఈ ఇబ్బంది ఎక్కువగా రావడానికి కారణం ఉంది. నూవో డ్రైవర్‌ను కంపెనీ రాయలేదు. బయటి డెవలపర్లు కార్డు ప్రవర్తనను గమనించి, రివర్స్ ఇంజనీరింగ్ చేసి రాశారు. 2014లో వచ్చిన రెండో తరం మాక్స్‌వెల్ చిప్‌ల నుంచి ఎన్‌విడియా తన డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను మాత్రమే కార్డు అంగీకరించేలా చేసింది. ఆ ఫర్మ్‌వేర్ బయటికి వచ్చేదాకా కొత్త కార్డు మీద నూవో చేయగలిగింది స్వల్పం. కొత్త ల్యాప్‌టాప్ కొని లినక్స్ వేసుకోబోయిన విద్యార్థి మొదటి తెర దగ్గరే ఆగిపోవడానికి చాలా సందర్భాల్లో మూలం ఇక్కడే ఉంటుంది. అది అతని తప్పు కాదని ముందు చెప్పాలి.

మోడ్‌సెట్టింగ్ కెర్నల్‌లోకి ఎలా వచ్చింది

2009కి ముందు మోడ్‌సెట్టింగ్ పనిని చాలావరకు, డెస్క్‌టాప్‌ను తెర మీద చూపే ఎక్స్ సర్వర్ చేసేది. అది రూట్ అధికారంతో నడుస్తూ నేరుగా కార్డు రిజిస్టర్లను మార్చేది. కెర్నల్ తన టెక్స్ట్ కన్సోల్‌తో తాను వేరుగా ఉండేది. ఒకే కార్డుకు ఇద్దరు యజమానులు ఉన్నట్టయింది. గ్రాఫిక్స్ నుంచి టెక్స్ట్ కన్సోల్‌కు మారితే తెర మిణుకుమనేది. నిద్ర నుంచి లేచిన ల్యాప్‌టాప్ తెర ఒక్కోసారి వెలిగేది కాదు. గ్రాఫిక్స్ నడుస్తుండగా కెర్నల్ కూలిపోతే ఆ సందేశం చూపే దారే ఉండేది కాదు.

ఈ పనిని కెర్నల్‌కే అప్పగించాలన్న నిర్ణయం ఫలితమే కెర్నల్ మోడ్‌సెట్టింగ్. ఇంటెల్ చిప్‌లకు ఇది 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో ప్రధాన స్రవంతిలోకి చేరింది. అంతకు ముందే 2008లో ఫెడోరా 9 దీన్ని ప్రయోగాత్మకంగా ఇచ్చింది. రేడియాన్ వంతు 2.6.31లో, నూవో వంతు 2010 ఫిబ్రవరి నాటి 2.6.33లో వచ్చాయి.

కొత్త పద్ధతి తొలిరోజుల్లో తడబడింది. కాబట్టి దాన్ని వద్దనుకునే దారి ఒకటి కావలసి వచ్చింది. అప్పట్లో నోమోడ్‌సెట్ ఇస్తే కెర్నల్ పక్కకు తప్పుకునేది, ఎక్స్ సర్వర్ పాత పద్ధతిలో తెరను అమర్చుకునేది, వేగం కూడా పెద్దగా తగ్గేది కాదు. కానీ 2010 ఆరంభంలోనే ఇంటెల్ ఎక్స్ డ్రైవర్ తన 2.10 కూర్పులో పాత పద్ధతిని తీసేసింది. తర్వాత మిగిలినవీ అదే దారి పట్టాయి. ఇప్పుడు వెనక్కి వెళ్లడానికి ఆ పాత దారి లేదు. నేడు నోమోడ్‌సెట్ ఇస్తే అసలు డ్రైవర్ మొత్తంగా ఆగిపోతుంది. పాత మార్గదర్శకాల్లో దీన్ని హాని లేని చిన్న సర్దుబాటుగా వర్ణించడం కనిపిస్తుంది. అవి రాసిన కాలానికి ఆ మాట నిజం, ఇప్పుడు కాదు.

నోమోడ్‌సెట్

ఈ ఆప్షన్ తనంతట తాను ఏ డ్రైవర్‌నూ తీసివేయదు. కెర్నల్ లోపల ఒక గుర్తు మాత్రం పెడుతుంది. దాన్ని పట్టించుకునే ప్రతి గ్రాఫిక్స్ డ్రైవరూ మొదలయ్యేటప్పుడు ఆ గుర్తు ఉందా అని చూసి, ఉంటే తనంతట తాను వెనుదిరుగుతుంది. దీని బలమూ బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి. డ్రైవర్ పేరు తెలియకపోయినా అన్నింటినీ ఒకేసారి ఆపవచ్చు. అయితే గుర్తును చూడని డ్రైవర్ ఆగదు.

చాలా ఏళ్లపాటు ఈ గుర్తు వీజీఏ టెక్స్ట్ కన్సోల్ కోడ్‌లో ఉండేది. ఆ కన్సోల్ లేకుండా తయారైన కెర్నళ్లలో, ముఖ్యంగా ఆర్మ్ ప్రాసెసర్ల మీద, నోమోడ్‌సెట్ రాసినా ఫలితం శూన్యం. 2022 మార్చిలో వచ్చిన 5.17 కెర్నల్‌లో దీన్ని గ్రాఫిక్స్ ఉపవ్యవస్థ అయిన డీఆర్‌ఎం లోకి మార్చారు. రెడ్‌హ్యాట్ ఇంజనీరు హావియర్ మార్టినెజ్ కానిల్లాస్ చేసిన ఆ మార్పుతో, అప్పటిదాకా గుర్తును పట్టించుకోని ఎన్నో డ్రైవర్లు కూడా దాన్ని చూడడం మొదలుపెట్టాయి. 2023 ఆరంభంలోని 6.2 కెర్నల్‌తో పాత తరహా ఎఫ్‌బీడెవ్ డ్రైవర్లకూ ఇది విస్తరించింది. ఎన్‌విడియా సొంత డ్రైవర్ కెర్నల్ మూలకోడ్‌లో భాగం కాదు. అందువల్ల దాన్ని ఆపాలంటే నోమోడ్‌సెట్‌ను నమ్ముకోకూడదు, మాడ్యూల్‌నే అడ్డుకోవాలి.

నోమోడ్‌సెట్‌తో బూట్ అయిన యంత్రంలో ఏం పోతుందో వివరంగా చూడాలి. ఎందుకంటే చాలామంది దీన్ని పెట్టి మరిచిపోతారు. ఫర్మ్‌వేర్ ఖాయం చేసిన రిజల్యూషనే చివరిదాకా ఉంటుంది, సెట్టింగ్స్‌లో వేరేది ఎంచుకోవడానికి ఉండదు. ఫర్మ్‌వేర్ వెలిగించిన తెర ఒక్కటే పనిచేస్తుంది, రెండో మానిటర్ తగిలించినా స్పందన ఉండదు. బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ చిప్ నుంచి ప్రాసెసర్ మీద పడుతుంది. మెసా లైబ్రరీలోని ఎల్‌ఎల్‌వీఎంపైప్ ఆ పని చేస్తుంది గానీ, వీడియో చూసినా విండో కదిపినా ప్రాసెసర్ వేడెక్కుతుంది. తెర కాంతి తగ్గించే మీటలు తరచూ పనిచేయవు. నిద్రపుచ్చిన ల్యాప్‌టాప్ సరిగా లేవకపోవచ్చు. రెండు చిప్‌ల ల్యాప్‌టాప్‌లో వాడని చిప్‌ను ఆపివేసే డ్రైవర్ లేదు కాబట్టి అది ఊరికే విద్యుత్తు తింటుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

ఇదివరకు మరో నష్టం కూడా ఉండేది. ఎక్స్ సర్వర్‌కు బదులు వాడే వేలాండ్ మీద నడిచే డెస్క్‌టాప్‌లకు డీఆర్‌ఎం పరికరం తప్పనిసరి. నోమోడ్‌సెట్‌తో అది ఉండేది కాదు, కనుక ఎక్స్ సర్వర్ మీద ఆధారపడవలసి వచ్చేది. సూసే ఇంజనీరు థామస్ జిమ్మర్‌మన్ రాసిన సింపుల్‌డీఆర్‌ఎం 2021 ఆగస్టులో 5.14 కెర్నల్‌తో రావడంతో ఈ లోటు తీరింది. ఫర్మ్‌వేర్ ఫ్రేమ్‌బఫర్‌నే అది డీఆర్‌ఎం పరికరంగా చూపిస్తుంది. 2022 మేలో వచ్చిన ఫెడోరా 36 పాత ఫ్రేమ్‌బఫర్ డ్రైవర్లకు బదులు దీన్నే వాడడం మొదలుపెట్టింది. నోమోడ్‌సెట్ సింపుల్‌డీఆర్‌ఎం‌ను ఆపదు. అది ఉన్న అమరికను వాడుకుంటుందే తప్ప మార్చదు కదా.

తెలుగు వాడేవారు గమనించవలసిన విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఆగినా డెస్క్‌టాప్ వస్తే తెలుగు అక్షరాలు మామూలుగానే కనిపిస్తాయి. ఒత్తులను, గుణింతాలను కూర్చే పని ప్రాసెసర్ మీద నడిచే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలది, గ్రాఫిక్స్ చిప్‌ది కాదు. కానీ డెస్క్‌టాప్ కూడా రాక కెర్నల్ టెక్స్ట్ కన్సోల్ దగ్గరే ఆగితే తెలుగు కనిపించదు. ఆ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 ఆకారాలే ఉంటాయి, అక్షరాలను కలిపి కూర్చే సామర్థ్యం దానికి లేదు. తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్లు అక్కడ పెట్టెలుగానో ప్రశ్నార్థకాలుగానో కనిపిస్తే ఫైళ్లు పాడైపోయాయని కంగారుపడనక్కర్లేదు.

ఉబుంటు ఇన్‌స్టాలర్‌లోని సేఫ్ గ్రాఫిక్స్ ఎంపిక, ఫెడోరా ఇన్‌స్టాలర్‌లోని బేసిక్ గ్రాఫిక్స్ మోడ్ రెండూ లోపల నోమోడ్‌సెట్‌నే జోడిస్తాయి. ఉబుంటు రికవరీ మోడ్‌లో కూడా అది ఉంటుంది. అందుకే రికవరీలోంచి అలాగే ముందుకు సాగి డెస్క్‌టాప్ తెరిచినవారికి తెర మొద్దుగా, నెమ్మదిగా కనిపిస్తుంది.

ఒక్క డ్రైవర్‌నే ఆపడం

ఇంటెల్ చిప్ బాగానే ఉండి, ఎన్‌విడియా చిప్ మాత్రమే ఇబ్బంది పెడుతున్న ల్యాప్‌టాప్‌లో రెండింటినీ ఆపడం అనవసరం. అలాంటప్పుడు నూవో.మోడ్‌సెట్=0 అని రాస్తే చాలు. ఐ915.మోడ్‌సెట్=0, రేడియాన్.మోడ్‌సెట్=0 కూడా ఇదే కోవలోవి. మాడ్యూల్ పేరు, చుక్క, పరామితి, సమాన గుర్తు, విలువ, ఇదీ వీటి నిర్మాణం. సున్నా ఇస్తే డ్రైవర్ ఆగుతుంది, ఒకటి ఇస్తే తప్పనిసరిగా మొదలవుతుంది, ఏమీ ఇవ్వకపోతే మైనస్ ఒకటి అనే విలువతో పరిస్థితిని బట్టి నడుచుకుంటుంది. నూవోకు అదనంగా 2 అనే విలువ ఉంది. దానితో డ్రైవర్ మొదలవుతుంది గానీ తెరల జోలికి పోదు.

దీనికి తిరగేసిన వాడుక కూడా ఉంది. నోమోడ్‌సెట్‌తో పాటు ఐ915.మోడ్‌సెట్=1 అని రాస్తే, అందరినీ ఆపమన్న మాట ఇంటెల్ డ్రైవర్‌కు వర్తించదు. డ్రైవర్ మైనస్ ఒకటి దగ్గర ఉన్నప్పుడే సాధారణ గుర్తును లెక్కలోకి తీసుకుంటుంది. ఏఎండీజీపీయూ విషయంలో మాత్రం మోడ్‌సెట్=0 మీద ఆధారపడవద్దు. దాన్ని ఆపడానికి కింద చెప్పే బ్లాక్‌లిస్ట్ నమ్మకమైనది.

ఇంటెల్ చిప్‌ల కోసం మరో పరామితి ఉంది, ఫోర్స్_ప్రోబ్. ఐ915, ఎక్స్‌ఈ రెండూ నడపగల చిప్ ఉన్నప్పుడు, ఐ915.ఫోర్స్_ప్రోబ్ తర్వాత ఆశ్చర్యార్థకం పెట్టి ఆ చిప్ పీసీఐ సంఖ్య ఇస్తే ఐ915 దాన్ని ముట్టుకోదు. అదే సంఖ్యను ఆశ్చర్యార్థకం లేకుండా ఎక్స్‌ఈకి ఇస్తే అది తీసుకుంటుంది. డ్రైవర్‌ను కాకుండా డ్రైవర్, పరికరం జంటను విడదీసే పద్ధతి ఇది.

బ్లాక్‌లిస్ట్

పై పద్ధతుల్లో మాడ్యూల్ లోడ్ అయ్యాక వెనుదిరుగుతుంది. బ్లాక్‌లిస్ట్‌లో మాడ్యూల్ మెమరీలోకే రాదు. కమాండ్ లైన్‌లో మోడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్=నూవో అని రాయవచ్చు. లేదా ఈటీసీ డైరెక్టరీలోని మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి అందులో బ్లాక్‌లిస్ట్ నూవో అన్న వరుస రాయవచ్చు. ఎన్‌విడియా సొంత డ్రైవర్ ప్యాకేజీలు చేసేది ఇదే.

ఈ బ్లాక్‌లిస్ట్ అనుకున్నంత గట్టిది కాదు. పరికరాన్ని చూసి దానంతట అది లోడ్ కావడాన్ని మాత్రమే అది ఆపుతుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిచినా, మరో మాడ్యూల్‌కు ఇది అవసరమైనా లోడ్ అయిపోతుంది. దానికి విరుగుడుగా అదే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ నూవో అని రాసి, పక్కన ఎప్పుడూ విఫలమయ్యే ఫాల్స్ ప్రోగ్రామ్ దారి ఇస్తారు. ఇంతకన్నా గట్టిది మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్= అన్న ఆప్షన్. ఇది మాడ్యూళ్లను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ ప్రోగ్రామ్ మీద ఆధారపడదు, కెర్నలే ఆ మాడ్యూల్‌ను నిరాకరిస్తుంది. తప్పకుండా ఆగాలనుకున్నప్పుడు దీన్నే వాడాలని నా సలహా.

ఫైలు పెట్టినా డ్రైవర్ ఆగలేదంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ వైపు చూడాలి. అసలు డిస్క్ తెరుచుకోకముందు కెర్నల్ వాడే చిన్న ఫైల్ సిస్టమ్ అది. గ్రాఫిక్స్ డ్రైవర్, దాని సెట్టింగ్‌లు అందులో కూడా ఒక ప్రతిగా ఉంటాయి. డిస్క్ మీది ఫైలు మార్చినా ఆ ప్రతి మారదు. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు, ఫెడోరాలో డ్రాకట్ -ఎఫ్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ -పి (ఇక్కడ పి మాత్రం పెద్దక్షరం) నడిపి దాన్ని మళ్లీ తయారు చేయాలి. డ్రాకట్ వాడే సిస్టమ్‌లలో ఆర్‌డీ.డ్రైవర్.బ్లాక్‌లిస్ట్= అనే ఆప్షన్ ఈ తొలి దశకే ఉద్దేశించినది.

బ్లాక్‌లిస్ట్‌తో వచ్చే అసలు చిక్కు తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. ఎన్‌విడియా డ్రైవర్ వేయగానే నూవో బ్లాక్ అయింది. కొన్నాళ్లకు కొత్త కెర్నల్ వచ్చింది. దానికి ఎన్‌విడియా మాడ్యూల్ తయారు కాలేదు, లేదా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ ఒప్పుకోలేదు. ఇటు నూవో లేదు, అటు ఎన్‌విడియా లేదు. తెర తక్కువ రిజల్యూషన్‌లో మిగిలిపోతుంది. ఎన్‌విడియా డ్రైవర్‌ను తీసేసినవారు మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో పాత ఫైలు మిగిలిందేమో తప్పక చూడాలి.

కెర్నల్‌లో కలిసిపోయిన డ్రైవర్లు

మాడ్యూల్‌గా కాక కెర్నల్‌లోనే భాగంగా తయారైన డ్రైవర్‌ను ఏ బ్లాక్‌లిస్టూ ఆపలేదు. లోడ్ చేయడానికి ఫైలే లేనప్పుడు దేన్ని అడ్డుకుంటాం? అక్కడ పనికొచ్చేది ఇనిట్‌కాల్_బ్లాక్‌లిస్ట్=. ప్రతి డ్రైవర్‌కూ ప్రారంభంలో పిలిచే ఒక ఫంక్షన్ ఉంటుంది. దాని పేరు ఇస్తే కెర్నల్ ఆ ఒక్క పిలుపును దాటవేస్తుంది. ఎక్కువగా కనిపించే ఉదాహరణ ఇనిట్‌కాల్_బ్లాక్‌లిస్ట్=సిస్‌ఎఫ్‌బీ_ఇనిట్. ఇది ఫర్మ్‌వేర్ ఫ్రేమ్‌బఫర్‌ను కెర్నల్ వాడుకోకుండా ఆపుతుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాత బయోస్ యంత్రంలో ఏ గ్రాఫిక్స్ డ్రైవరూ లేకపోయినా 80 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసల వీజీఏ టెక్స్ట్ తెర మిగులుతుంది. యూఈఎఫ్ఐ యంత్రంలో సాధారణంగా ఆ ఆధారం లేదు. అక్కడ అసలు డ్రైవర్‌నూ, ఫర్మ్‌వేర్ ఫ్రేమ్‌బఫర్‌నూ రెండింటినీ ఆపితే కెర్నల్‌కు తెర అన్నదే ఉండదు. నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయ్యే దారి గానీ, సీరియల్ కన్సోల్ గానీ ముందే సిద్ధం చేసుకోకుండా ఈ ప్రయోగానికి దిగవద్దు.

కార్డును మరొకరికి అప్పగించడం

కొందరు డ్రైవర్‌ను ఆపేది అది చెడిపోయిందని కాదు, కార్డును వర్చువల్ మెషీన్‌కు ఇవ్వాలని. అసలు యంత్రంలోని (హోస్ట్) కెర్నల్ కార్డును ముందే పట్టుకుంటే, వర్చువల్ మెషీన్‌లోని అతిథి సిస్టమ్‌కు అది దొరకదు. వీఎఫ్ఐఓ-పీసీఐ.ఐడీస్= తర్వాత కార్డు తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య రాస్తే, వీఎఫ్ఐఓ అనే ప్రత్యేక డ్రైవర్ ఆ కార్డును తీసుకుని అతిథి కోసం ఉంచుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో పాటు దాని మీదుండే ఆడియో భాగం సంఖ్యను కూడా చేర్చడం మరవకూడదు. వీఎఫ్ఐఓ మాడ్యూల్ అసలు డ్రైవర్ కన్నా ముందు లోడ్ కావాలి. అందుకే మోడ్‌ప్రోబ్.డి లో సాఫ్ట్‌డెప్ అనే వరుసతో ఆ క్రమాన్ని నిర్ణయిస్తారు.

ఇంత చేసినా ఫర్మ్‌వేర్ ఫ్రేమ్‌బఫర్ కార్డు మెమరీని వదలక అతిథి మొదలుకాని సందర్భాలున్నాయి. ఇదివరకు వీడియో=ఈఎఫ్ఐఎఫ్‌బీ:ఆఫ్ అని రాసేవారు. సింపుల్‌డీఆర్‌ఎం వచ్చాక ఒక్క ఈఎఫ్ఐఎఫ్‌బీని ఆపితే చాలడం లేదు. పైన చెప్పిన సిస్‌ఎఫ్‌బీ_ఇనిట్ పద్ధతి అందుకే ఇలా కార్డును అప్పగించేవారిలో బాగా వ్యాపించింది.

పోలికతో పొరపాటు పడేవి

డెస్క్‌టాప్‌ను ఆపడం వేరు, డ్రైవర్‌ను ఆపడం వేరు. కమాండ్ లైన్ చివర 3 అని గానీ, సిస్టమ్‌డీ.యూనిట్=మల్టీ-యూజర్.టార్గెట్ అని గానీ రాస్తే గ్రాఫికల్ లాగిన్ రాదు. అయినా డ్రైవర్ లోడ్ అవుతుంది, కన్సోల్ దాని మీదే నడుస్తుంది. క్వయట్, స్ప్లాష్ అన్న మాటలు తీసేస్తే అప్పటిదాకా దాగిన సందేశాలు కనిపిస్తాయి, అంతే. వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:డి (ఇక్కడ కనెక్టర్ పేరు మాత్రం పెద్దక్షరాల్లో) అన్నది ఒక్క కనెక్టర్‌నే ఆపుతుంది. తప్పుడు వివరాలిచ్చే మానిటరో, లేని తెరను ఉన్నట్టు చూపే ల్యాప్‌టాపో కారణమైతే మొత్తం డ్రైవర్‌ను బలి ఇవ్వకుండా దీనితో సరిపోతుంది. దీని గురించి తెలిసినవారు తక్కువ, తెలియాల్సినవారు ఎక్కువ. ఇక ఏసీపీఐ=ఆఫ్ గ్రాఫిక్స్ ఆప్షనే కాదు. విద్యుత్ నిర్వహణ మొత్తాన్ని ఆపే దాన్ని నల్ల తెరకు మందుగా సూచించడం సరికాదు.

ఎక్కడ రాయాలి

గ్రబ్ బూట్‌లోడర్ మెనూలో రోమన్ ‘e’ అక్షరం నొక్కి, లినక్స్ అన్న పదంతో మొదలయ్యే వరుస చివర ఆప్షన్ చేర్చి, కంట్రోల్-ఎక్స్ లేదా ఎఫ్10 నొక్కితే ఆ ఒక్క బూట్‌కు మాత్రమే అది వర్తిస్తుంది. ఉబుంటులో మెనూ కనిపించకపోతే యూఈఎఫ్ఐ యంత్రంలో ఎస్కేప్, పాత బయోస్‌లో షిఫ్ట్ మీట వాడాలి. శాశ్వతంగా కావాలంటే ఈటీసీ డైరెక్టరీలోని డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైలు మార్చి అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ఫెడోరాలో గ్రబ్బీ అనే సాధనం ఉంది. రాస్ప్‌బెర్రీ పై దారి వేరు. అక్కడ కాన్ఫిగ్.టీఎక్స్‌టీ ఫైలులో వీసీ4-కేఎంఎస్ ఉన్న వరుస ముందు హాష్ గుర్తు పెడితే గ్రాఫిక్స్ పరికరమే కెర్నల్‌కు కనిపించదు.

అక్షరం తప్పు పడితే కెర్నల్ ఆగి అడగదు. తనకు తెలియని, చుక్క లేని మాటను యూజర్ ప్రోగ్రాములకు పంపేస్తుంది. కొత్త కెర్నళ్లు ఇలాంటి మాటలను లాగ్‌లో ఒక వరుసగా చూపుతున్నాయి. కనుక ముందుగా ప్రాక్ డైరెక్టరీలోని సీఎండీలైన్ ఫైలు చదివి, రాసింది చేరిందో లేదో చూడాలి. ఎల్‌ఎస్‌పీసీఐ -కె ఆదేశం ఏ కార్డును ఏ డ్రైవర్ నడుపుతోందో చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు కింద వాడుకలో ఉన్న డ్రైవర్ వరుస లేకపోతే ఆప్షన్ పనిచేసినట్టే.

ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లు

విండోస్ సేఫ్ మోడ్‌లో తయారీదారు డ్రైవర్‌కు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్ నడుస్తుంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లోని బూట్ పేజీలో బేస్ వీడియో అన్న ఎంపిక గ్రాఫిక్స్‌ను మాత్రమే ఇలా తగ్గిస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో గ్రాఫిక్స్ డ్రైవర్ మామూలుగా ఆర్‌సీ.కాన్ఫ్ ఫైలులోని జాబితా ద్వారా లోడ్ అవుతుంది కాబట్టి, ఆ జాబితాలోంచి తీసేస్తే చాలు. ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతి అన్నిటికన్నా తేటగా ఉంటుంది. బూట్ దగ్గర బూట్ -సి అంటే కెర్నల్ ఒక చిన్న ప్రాంప్ట్ ఇస్తుంది. అక్కడ డిసేబుల్ ఇంటెల్‌డీఆర్‌ఎం అని రాసి క్విట్ అంటే ఆ డ్రైవర్ లేకుండా ముందుకు సాగుతుంది.

ఆపాక చేయాల్సింది

లినక్స్ సంగతికి వస్తే, నోమోడ్‌సెట్ యంత్రంలోకి ప్రవేశించడానికి పనికొచ్చే ఆప్షన్, అందులో స్థిరపడడానికి కాదు. దానితో లోపలికి వెళ్లాక ఫర్మ్‌వేర్ ప్యాకేజీని, కెర్నల్‌ను తాజా చేయాలి, లేదా సరైన డ్రైవర్ వేయాలి, ఆ తర్వాత దాన్ని తీసేసి బూట్ చేసి చూడాలి. అయినా తెర నల్లగానే ఉంటే విఫలమైన ఆ బూట్ లాగ్ మీ డిస్క్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. మళ్లీ నోమోడ్‌సెట్‌తో వచ్చి జర్నల్‌సీటీఎల్ -బి -1 -కె నడిపితే అంతకు ముందటి బూట్‌లో కెర్నల్ చెప్పిందంతా కనిపిస్తుంది. ఐ915, ఏఎండీజీపీయూ, నూవో డెవలపర్లు ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్‌లో బగ్ నివేదికలు తీసుకుంటారు. గ్రబ్ ఫైలులో ఆ మాటను శాశ్వతంగా రాసి ఊరుకునే ముందు ఆ లాగ్‌ను అక్కడికి పంపండి.